కళ్ళు తిరగడానికి తల వ్యాయామాలు: ఎంత చెయ్యాలి, ఎంతసేపు ఆగాలి, ఎన్నాళ్ళు పడుతుంది

ఫిజియోథెరపిస్టు చూపించిన తల వ్యాయామాలను రెండు రోజులు చేసి మానేసేవాళ్ళు చాలామంది. ఎందుకు మానేశారని అడిగితే ఒకటే మాట: "చెయ్యకముందే నయమండీ, చేశాక ఇంకా ఎక్కువ తిరిగాయి." వాళ్ళు చెప్పేది నిజమే. ఈ వ్యాయామాలు ఉన్నదే కళ్ళు కాస్త తిరిగేలా చెయ్యడానికి. తిరగడం, సర్దుకోవడం, మళ్ళీ తిరగడం, ఈసారి ఇంకాస్త త్వరగా సర్దుకోవడం... మెదడు ఈ వరసలోనే నేర్చుకుంటుంది. అందుకని మీరు చూసుకోవలసింది ఒక్కటే: వ్యాయామం ఆపాక కళ్ళు ఎన్ని నిమిషాల్లో కుదుటపడుతున్నాయి? ఆ నిమిషాలను బట్టే ఎంత చెయ్యాలో, ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో తేలుతుంది.

ముందు జబ్బు పేరు తేలాలి

ఎన్నాళ్ళు ఓపిక పట్టాలో చెప్పాలంటే ఎందుకు తిరుగుతున్నాయో తెలియాలి. కొన్నిటికి అసలు ఓపిక పట్టకూడదు.

ఉన్నట్టుండి కళ్ళు తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, మూతి ఒక పక్కకి పోవడం, ఒకటి రెండుగా కనబడటం, చెయ్యో కాలో స్వాధీనం తప్పడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, పట్టుకున్నా నిలబడలేకపోవడం ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చెయ్యండి. అది పక్షవాతం కావచ్చు. ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా అంతే. ఒక చెవి హఠాత్తుగా వినబడకుండా పోతే ఆ రోజో మర్నాడో ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఉండాలి. ఆ వినికిడికి ఇచ్చే మందు తొలి రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం.

మంచం మీద పక్కకి ఒత్తిగిలినప్పుడు, అటక మీది డబ్బా కోసం తల ఎత్తినప్పుడు గది మొత్తం గిర్రున తిరిగి ఒక నిమిషంలోపే ఆగిపోతోందంటే చాలావరకు అది బీపీపీవీ. లోపలి చెవిలో ఒకచోట కుదురుగా ఉండాల్సిన సన్నటి సున్నపు పలుకులు జారి, పక్కనున్న అర్ధచంద్రాకార నాళాల్లోకి చేరడం వల్ల వస్తుంది. దీనికి నెలల తరబడి వ్యాయామాలు చెయ్యడం దండగ. పడుకోబెట్టి తలను వరసగా కొన్ని వైపులకు తిప్పి, ఆ పలుకుల్ని వాటి చోటికి పంపే ఎప్లీ పద్ధతి ఉంది. అమెరికాలో జాన్ ఎప్లీ అనే చెవి డాక్టరు దీన్ని తయారు చేసి 1992లో ప్రచురించారు. తెలిసినవాళ్ళకి కొద్ది నిమిషాల పని. చాలామందికి ఒకటి నుంచి మూడుసార్లలో తగ్గిపోతుంది. తగ్గాక కూడా కొన్నాళ్ళు తేలిపోతున్నట్టు, అడుగు గట్టిగా పడనట్టు ఉండొచ్చు. ఓపిక కావలసింది అక్కడ.

కూర్చుని లేవగానే కళ్ళు చీకట్లు కమ్మి, మళ్ళీ కూర్చుంటే పోతుందంటే బీపీ చూపించుకోండి. రోహిణి కార్తె ఎండల్లో, బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళలో ఇది మామూలే. తల వ్యాయామాలతో తగ్గేది కాదు.

మన దగ్గర ఇంకో అలవాటుంది. కళ్ళు తిరిగితే మొదట పైత్యమనుకుని అల్లం, నిమ్మకాయ. తగ్గకపోతే మెడ ఎక్స్‌రే, ఎముకలు అరిగాయన్న మాట, మెడకు పట్టీ. వయసు పైబడ్డవాళ్ళ మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనబడటం వింతేమీ కాదు. కళ్ళు తిరగడానికి కారణం అదేనని దాన్నిబట్టి చెప్పలేం. పట్టీ వేసుకుంటే తల కదలదు. తల కదలకపోతే మెదడుకు నేర్చుకునే అవకాశమే ఉండదు. మెడకు నిజంగా దెబ్బ తగిలితే సరే, లేకపోతే ఆ పట్టీ ఎందుకు వేశారో డాక్టరును అడగండి.

ఈ వ్యాయామాలు బాగా పనికొచ్చేది ఒక చెవి సమతూక నరం దెబ్బతిన్నప్పుడు. వైరస్ వల్ల వచ్చే వెస్టిబ్యులర్ న్యూరైటిస్ ఇందులో ముఖ్యమైనది: ఒకటి రెండు రోజులు లేవలేనంత తిరుగుడు, వాంతులు, తర్వాత వారాల తరబడి తూలడం. రెండు చెవులూ దెబ్బతిన్నవాళ్ళకు, మూడు నెలలు దాటినా తేలిపోతున్నట్టుండే పీపీపీడీ ఉన్నవాళ్ళకు కూడా ఇవి వాడతారు. మెనియర్ జబ్బులో (లోపలి చెవికి వచ్చే జబ్బు), మైగ్రేన్‌తో వచ్చే తిరుగుడులో దాడులు వచ్చిపోతుంటాయి. ముందు వాటిని మందులతో అదుపులోకి తెచ్చి, ఆ తర్వాత మిగిలిన తూలుడుకి వ్యాయామం చేయిస్తారు. దాడి వచ్చిన రోజున తల ఊపుతూ కూర్చోకండి.

ఇంత సమయం ఎందుకు పడుతుంది

తల కదలకుండా ఉన్నప్పుడు కూడా రెండు చెవుల్లోని సమతూక నరాలు ఊరికే ఉండవు. ఒక్కో నరపు పోగు సెకనుకు సుమారు 70 నుంచి 100 సంకేతాలు పంపుతూనే ఉంటుంది. రెండు వైపులా సమానంగా వస్తే తల నిలకడగా ఉందని మెదడుకు తెలుస్తుంది. తల కుడికి తిప్పితే కుడివైపు సంకేతాలు పెరుగుతాయి, ఎడమవైపు తగ్గుతాయి. ఎడమ నరం దెబ్బతిని మూగబోయిందనుకోండి. మీరు కదలకుండా పడుకున్నా, తల కుడికి తిరుగుతూనే ఉందని మెదడు నమ్ముతుంది. అందుకే ఆ తిరుగుడు, వాంతులు.

ఈ తేడాను మెదడు రెండు విడతల్లో సరిచేసుకుంటుంది. మొదటిది కదలకుండా ఉన్నప్పటి తేడా. కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లో ఇది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది, మంచం మీద పడుకున్నా సరే. "పడుకుంటే బానే ఉంటున్నాను, లేస్తేనే తంటా" అనేది ఈ దశలోనే. రెండోది కదిలేటప్పటి తేడా. ఇది పడుకుంటే సర్దుకోదు. తల తిప్పగానే చూపు జారాలి, ఆ జారుడు మెదడుకు తెలియాలి, కంటికి ఇంకొంచెం వేగంగా కదలమని అది ఆజ్ఞను దిద్దుకోవాలి. అలా వందల వేల సార్లు జరగాలి. వారాల నుంచి నెలలు పట్టేది ఈ రెండో విడతకే.

1940లలోనే ఇంగ్లండులో కాథార్న్ అనే చెవి సర్జన్, కుక్సీ అనే వైద్యుడు ఈ సంగతి పట్టుకున్నారు. తలకు దెబ్బలు తగిలినవాళ్ళలో, చెవి ఆపరేషన్లు అయినవాళ్ళలో త్వరగా లేచి తిరిగినవాళ్ళు త్వరగా కోలుకుంటున్నారని గమనించి, మంచం మీద కళ్ళు కదపడం నుంచి మొదలుపెట్టి, కూర్చుని, నిలబడి, బంతి విసురుకుంటూ నడిచేదాకా ఒక వరస తయారు చేశారు. ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో చేతికిచ్చే జిరాక్సు కాగితంలో ఉండేది చాలావరకు ఆ వరసే. కాకపోతే ఆ కాగితం అందరికీ ఒకటే. మీ తీవ్రతకు ఎంత సరిపోతుందో దానిమీద రాసి ఉండదు.

మాత్రల సంగతి

ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజైన్, మెక్లిజైన్ లాంటివి తిరుగుడును అణిచే మందులు. మొదటి రెండు మూడు రోజులు, వాంతులు ఆగనప్పుడు అవి కావాలి. ఆ తర్వాత కూడా రోజూ వేసుకుంటూ వ్యాయామం చేస్తే, మెదడు గమనించాల్సిన తేడానే మందు కప్పేస్తుంది. ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజైన్ నెలల తరబడి వాడితే పెద్దవాళ్ళలో చేతులు వణకడం, నడక మందగించడం వంటి పార్కిన్సన్ లక్షణాలు కూడా రావచ్చు. పాత చీటీ పట్టుకెళ్ళి మెడికల్ షాపులో మళ్ళీ మళ్ళీ తెచ్చుకునేవాళ్ళు ఒకసారి ఆ చీటీ తేదీ చూసుకోండి. అలాగని మీ అంతట మీరు మానెయ్యకండి. "వ్యాయామాలు మొదలుపెడుతున్నాను, ఈ మాత్ర ఎప్పుడు ఆపమంటారు?" అని రాసిన డాక్టరునే అడగండి. బీటాహిస్టిన్ వేరే తరగతి మందు, దాన్ని వీటితో కలిపి లెక్కెయ్యకండి.

చోటు, వేళ, పుస్తకం

గది మూల చూసుకోండి. వెనక రెండు వైపులా గోడ, ముందు వీపున్న కుర్చీ. ఎటు తూలినా ఆసరా ఉంటుంది. నేలమీది కాళ్ళపట్టాలు తీసెయ్యండి. టైల్స్ తుడిచాక ఆరేదాకా ఆగండి. చీర కుచ్చెళ్ళు, లుంగీ అంచు కాళ్ళకింద పడకుండా ఎగదోపుకోండి. పెద్దవాళ్ళు చేసేటప్పుడు ఒకరు పక్కన నిలబడాలి.

వేళ విషయంలో రెండే నియమాలు. భోజనం చేసిన వెంటనే వద్దు, వికారం వస్తుంది. బండి తీసే ముందు వద్దు. రోజుకు ఒక్కసారి అరగంట చేసేకన్నా మూడు నుంచి ఐదు చిన్న విడతలుగా చెయ్యడం మేలు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి, అందులో ఒక్కో విడతకు మూడు అంకెలు చాలు. మొదలుపెట్టే ముందు తిరుగుడు 10కి ఎంత, ఆపగానే ఎంత, మళ్ళీ మొదటి అంకెకు రావడానికి ఎన్ని నిమిషాలు. సున్నా అంటే ఏమీ లేదు, 10 అంటే పడిపోతానన్నంత. ఉదాహరణకు "2 – 5 – 12 ని." అని రాసుకుంటే సరి. కష్టసుఖాలన్నీ అందులో రాయొద్దు, రాసినకొద్దీ తిరుగుడు మీదే ధ్యాస పెరుగుతుంది.

మొదటి వ్యాయామం: అక్షరం మీద చూపు

తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో "అ" అని రాయండి. పత్రికలో చిన్న శీర్షికలో ఉండేంత సైజు చాలు. కంటి ఎత్తులో, ఏమీ లేని గోడ మీద అంటించి, చెయ్యి చాపినంత దూరంలో కుర్చీ వేసుకుని కూర్చోండి. చూపు అక్షరం మీద నుంచి కదలకుండా తలను మాత్రం కుడికీ ఎడమకీ తిప్పాలి. మరీ ఎక్కువ తిప్పక్కర్లేదు, ఒక్కో వైపు 20, 30 డిగ్రీలు. మీరు "ఊహూ" అని తల అడ్డంగా ఊపేటప్పుడు తిరిగేంత. కళ్ళద్దాలు ఉంటే పెట్టుకునే చెయ్యండి.

వేగమే ఇక్కడ కీలకం. మరీ నెమ్మదిగా తిప్పితే కళ్ళు అక్షరాన్ని వెంటాడి పట్టుకుంటాయి, చెవికి పని పడదు. మరీ జోరుగా తిప్పితే అక్షరం అలికినట్టయిపోయి మెదడుకు పనికొచ్చే సమాచారమే మిగలదు. అక్షరం గుండ్రటి ఒంపు, దాని చివరి మెలిక స్పష్టంగా కనబడుతూ, ఇంకొంచెం వేగం పెంచితే చెదురుతుందనిపించే అంచు ఒకటి ఉంటుంది. అక్కడ చెయ్యాలి. ఫోన్‌లో టిక్కు టిక్కుమని తాళం వేసే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుంటే నిన్నటి వేగమెంతో ఇవాళ తెలుస్తుంది. దెబ్బతిన్న చెవి వైపుకి తిప్పినప్పుడే అక్షరం ఎక్కువ జారడం గమనిస్తారు. అలా జారుతుంటే కంగారు పడకండి.

నిమిషంపాటు చెయ్యాలని ఫిజియోథెరపిస్టు చెబుతారు. మొదటిరోజు 20 సెకన్లకే వికారం వస్తే 20 దగ్గరే ఆపండి. కుదుటపడ్డాక పైకీ కిందకీ, "ఊఁ" అని తల ఊపినట్టు, అంతేసేపు. నడిచేటప్పుడు మన తల సెకనుకు దాదాపు రెండుసార్లు పైకీ కిందకీ అదురుతుంది కాబట్టి ఈ రెండోదాన్ని వదిలెయ్యకూడదు.

మొత్తం ఎంత చెయ్యాలి? అమెరికా ఫిజికల్ థెరపీ అసోసియేషన్ నాడీ విభాగం 2022లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, ఒక చెవి కొత్తగా దెబ్బతిన్నవాళ్ళు ఈ చూపు వ్యాయామాలు రోజుకు కనీసం మూడుసార్లు, మొత్తం కనీసం 12 నిమిషాలు చెయ్యాలి. సమస్య పాతబడితే కనీసం 20 నిమిషాలు. ఇవి చేరుకోవలసిన అంకెలు. మొదటిరోజే 12 నిమిషాలు చేసి మూడు రోజులు మంచమెక్కితే ఆ నాలుగు రోజులూ కలిపి మీరు చేసింది 12 నిమిషాలే. రోజుకు 4 నిమిషాలు చేసినా అంతకన్నా నయం.

సర్దుకునే సమయాన్ని చదవడం

వ్యాయామం ఆపగానే కుర్చీకి ఆనుకుని, కళ్ళు తెరిచి, ఎదురుగా ఏదైనా ఒకదాని మీద చూపు నిలపండి. పాదాలు రెండూ నేలకి ఆనించండి. పడుకోవద్దు, ఫోన్ చూడొద్దు. గడియారం చూసుకోండి.

అంకె రెండు మూడు పెరిగి 15, 20 నిమిషాల్లో మొదటి చోటికి వచ్చిందంటే మోతాదు సరిగ్గా ఉంది. అదే మోతాదు కొనసాగించండి. ఎక్కువమంది తప్పుగా చదివేది దీన్నే. "కళ్ళు తిరిగాయి" అని రాసుకుంటారు, "12 నిమిషాల్లో తగ్గాయి" అన్నది వదిలేస్తారు.

20 నిమిషాలు దాటి గంటదాకా లాగితే మోతాదు ఎక్కువైంది. తర్వాతి విడతలో సమయం సగానికి తగ్గించండి, వేగం అలాగే ఉంచండి. సాయంత్రం చేసింది మర్నాడు పొద్దున లేచేదాకా మిగిలి ఉంటే, ఆ రోజు చూపు వ్యాయామం ఆపి మామూలు నడక, ఇంటిపని మాత్రం చేసుకోండి. ఆ మరుసటి రోజు సగంతో మొదలుపెట్టండి. పూర్తిగా పడుకోవడం మాత్రం వద్దు.

ఇక ఎంత చేసినా ఏమీ అనిపించకపోతే? వరసగా రెండు మూడు రోజులు అంకె కదలకపోతే ఆ మెట్టు అయిపోయింది. పై మెట్టు ఎక్కాలి. ఇబ్బంది లేని వ్యాయామాన్నే వారాలకొద్దీ భక్తిగా చేస్తూ "ఏం మార్పు లేదండీ" అనేవాళ్ళూ ఉంటారు. రోజూ మూడు పూటలా చేసినట్టు పుస్తకంలో రాసి ఉంటుంది, ముందూ తర్వాతా అంకె మాత్రం 1, 1, 1. అది ఓపిక కాదు, కాలక్షేపం.

మెట్టు ఎక్కేటప్పుడు ఒక్కటే మార్చండి

పెంచడానికి చాలా దారులున్నాయి: సమయం, వేగం, కూర్చోవడం నుంచి నిలబడటం, పాదాలు దగ్గరికి చేర్చడం, కాగితాన్ని రెండు మూడు మీటర్ల దూరం జరపడం, కాగితం వెనకాల ఉన్నది మార్చడం. ఒక్కసారికి ఒక్కటే. రెండు కలిపి పెంచితే ఏది ఎక్కువైందో తెలియదు.

వెనకాల ఉన్నది మార్చడాన్ని తక్కువ అంచనా వేస్తారు. ఖాళీ గోడ మీద నిమిషం సునాయాసంగా చేసినవాళ్ళు, అదే కాగితాన్ని గళ్ళ దుప్పటి మీద పిన్నుతో గుచ్చి చేస్తే అర నిమిషంలో కుర్చీ పట్టుకుంటారు. నిండా తిథులు, వర్జ్యాలు రాసి ఉండే తెలుగు కేలండరు ఇందుకు చక్కగా సరిపోతుంది. పెద్ద తేదీ అంకె మీద చూపు పెట్టండి, చుట్టూ ఉన్న చిన్న అక్షరాలన్నీ కదిలిపోతుంటాయి. బజారులో, పెళ్ళిలో మీకు ఎదురయ్యేది ఈ కదిలిపోవడమే.

నిలబడటం, నడవటం

గది మూలలో పాదాలు దగ్గరికి చేర్చి 30 సెకన్లు. తర్వాత కళ్ళు మూసుకుని. తర్వాత ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకి వేలు తగిలేలా. ఇవన్నీ కుదిరాక బొంతను నాలుగు మడతలేసి దానిమీద నిలబడి, మొదట కళ్ళు తెరిచి. మెత్తటి నేల మీద పాదాల నుంచి వచ్చే కబురు తగ్గుతుంది, కళ్ళు మూస్తే చూపు ఆసరా కూడా పోతుంది. చెవి ఎంత పని చేస్తోందో అప్పుడు తెలుస్తుంది. స్నానంలో ముఖానికి సబ్బు పెట్టుకుని కళ్ళు మూసుకున్నప్పుడు తూలేది అందుకే. కాబట్టి ఇది కుదిరేదాకా బాత్రూమ్‌లో స్టూలు వేసుకుని కూర్చునే స్నానం చెయ్యండి.

వరండాలో నడుస్తూ నాలుగు అడుగులకొకసారి తలను కుడికీ, మళ్ళీ నాలుగు అడుగులకి ఎడమకీ. తిన్నగా గీత మీద నడవాలని పట్టుదలకు పోకండి, మొదట్లో ఒక పక్కకి లాగుతుంది. సమస్య పాతబడ్డవాళ్ళకు ఈ నిలకడ వ్యాయామాలు కూడా రోజుకు కనీసం 20 నిమిషాలు, నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యాలని అవే మార్గదర్శకాలు చెబుతాయి.

ఏ పనికి తిరుగుతుందో ఆ పనినే ముక్కలు చెయ్యండి

మూడో వారానికి వచ్చేసరికి కాగితం మీది వ్యాయామాలకన్నా మీ రోజువారీ పనుల్లోంచి ఎంచుకున్నవి ఎక్కువ ఉపయోగపడతాయి. బోర్డు మీద రాస్తూ పిల్లలవైపు తిరిగినప్పుడల్లా తూలుతున్న ఒక టీచరమ్మను తీసుకోండి. న్యూరైటిస్ తగ్గింది, కూర్చుంటే బావుంటుంది, క్లాసులో మాత్రం బల్ల వదల్లేదు. ఆమెకు ఇచ్చేది ఇంట్లో గోడ ముందు ఇదే పని. గోడకి ఎదురుగా నిలబడి, ముందు కళ్ళు వెనక్కి, తర్వాత తల, తర్వాత భుజాలు, చివర పాదాలు. వెనక కుర్చీ మీద పెట్టిన స్టీలు గ్లాసు మీద చూపు నిలిపాక ఒక క్షణం ఆగి, మళ్ళీ గోడవైపు. ఐదుసార్లు, సర్దుకునేదాకా విరామం. వేగం పెరిగేకొద్దీ కళ్ళు, తల, భుజాలు విడివిడిగా కాకుండా ఒకేసారి తిరగడం మొదలవుతుంది. అప్పుడు చేతిలో సుద్దముక్క, మధ్యలో ఒక ప్రశ్న: "ఏడు ఎనిమిదులు ఎంత?" తిరుగుతూ జవాబు చెప్పాలి. నిజమైన క్లాసులో తల తిప్పుతూ ఆలోచించకుండా ఎవరుంటారు?

మీకది దండెం మీద బట్టలారెయ్యడం కావచ్చు, సింకు కింద గిన్నె వంగి తియ్యడం, గుళ్ళో ఆత్మప్రదక్షిణ, మాల్‌లో ఎస్కలేటర్. పట్టిక రాసుకుని తేలికైనదాంతో మొదలుపెట్టండి. ఆత్మప్రదక్షిణనే చూడండి: మొదట పావు చుట్టు, తర్వాత సగం, తర్వాత పూర్తిగా ఒకటి. మూడు పూర్తయ్యేసరికి నెల పట్టినా పట్టొచ్చు. అంతదాకా దేవుడికి ఒకచోట నిలబడి పెట్టిన దణ్ణం చాలు.

జనం, షాపుల అరలు, ఫోన్‌లో పైకి జరుగుతుండే తెర చూస్తే తిరిగేవాళ్ళు అదే పద్ధతి పాటించండి. సూపర్ మార్కెట్‌కి మామూలు రోజు పొద్దున ఖాళీగా ఉన్నప్పుడు పది నిమిషాలు. బెజవాడ బీసెంట్ రోడ్డుకి దసరా ముందు శనివారం సాయంత్రం వెళ్ళడం చివరి మెట్టు.

బండి విషయంలో తొందర వద్దు. రెండు వైపులా భుజం మీదుగా గబుక్కున వెనక్కి చూసి, ముందుకు తిరగ్గానే ఎదురుగా ఉన్న నంబరు ప్లేటు తడుముకోకుండా చదవగలిగాకే, అదీ డాక్టరు సరేనన్నాక హ్యాండిల్ పట్టుకోండి.

ఎన్నాళ్ళు?

ఒక చెవి కొత్తగా దెబ్బతిని, తొలి వారాల్లోనే వ్యాయామం మొదలుపెట్టినవాళ్ళలో నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో స్పష్టమైన మార్పు కనిపించడం మామూలు. పూర్తిగా మర్చిపోయేంత తగ్గడానికి నెలలు పట్టొచ్చు. ఏడాదిగా భయపడి తల కదపకుండా ఉన్నవాళ్ళకు ఫలితం వస్తుంది, కానీ ఆలస్యంగా. మొదటి కొన్ని వారాలు బిగిసిన మెడను, అలవాటైన భయాన్ని వదిలించుకోవడానికే పోతాయి. మైగ్రేన్, షుగర్ వల్ల కాళ్ళ తిమ్మిర్లు, సరిగా కనబడకపోవడం, నిద్రలేమి, ఆందోళన ఇవన్నీ గడువును పొడిగిస్తాయి. పీపీపీడీలో మూడు నుంచి ఆరు నెలల లెక్క వేసుకోవాలి. వ్యాయామంతో పాటు మందులు, మానసిక చికిత్స కూడా కలిపితే మేలు. అది మనోభ్రమ కాదు, లోపలి చెవి కుదుటపడ్డాక కూడా మెదడు జాగ్రత్త వదలకపోవడం.

రెండు చెవుల్లోనూ సమతూకం పోయినవాళ్ళ సంగతి వేరు. జెంటమైసిన్, పూర్వం క్షయకు ఎక్కువగా వాడిన స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ల వల్ల కొందరికి ఇలా అవుతుంది. స్ట్రెప్టోమైసిన్ వల్ల సమతూకం పోగొట్టుకున్న ఒక అమెరికన్ వైద్యుడు 1952లో తన అనుభవం వైద్య పత్రికలో రాశాడు: గుండె కొట్టుకునే అదురుకే పుస్తకంలో అక్షరాలు ఎగురుతుంటే, మంచం తలవైపు ఇనప ఊచల మధ్య తల ఇరికించుకుని చదివేవాడట. వీళ్ళలో చెవి సమతూకం తిరిగి రావడం తక్కువ. కళ్ళు, పాదాలు ఆ పని పంచుకోవడం నేర్చుకుంటాయి, అందుకు ఎక్కువ వారాలు, ఎక్కువ నిమిషాలు కావాలి. చీకట్లో ఇబ్బంది మిగిలే ఉంటుంది, రాత్రి దీపం తప్పనిసరి. నీళ్ళలో మునిగితే ఏది పైనో ఏది కిందో తెలియకపోవచ్చు. కాలువలో ఈతకు దిగొద్దు. పుష్కర స్నానమైనా ఒకరి చెయ్యి పట్టుకునే.

మార్పును రోజూ కొలవకండి. ఆదివారం ఆదివారం ఒకే వేళకు మూడు చూడండి: అక్షరం స్పష్టంగా ఉండే వేగం, మడమకి వేలు ఆనించి నిలబడ్డ సెకన్లు, ఆ వారం సగటున సర్దుకోవడానికి పట్టిన నిమిషాలు. ఫిజియోథెరపిస్టులు డిజ్జీనెస్ హ్యాండిక్యాప్ ఇన్వెంటరీ అని 25 ప్రశ్నల పత్రం ఒకటి వాడతారు. 1990లో వచ్చింది, మొత్తం 100 మార్కులు. అందులో కనీసం 18 తగ్గితేనే నిజమైన మార్పుగా లెక్క. నాలుగు పెరిగినా నాలుగు తగ్గినా దాన్ని పట్టించుకోరు. ఇంట్లో మీరు వేసుకునే అంకెలకీ ఆపాటి వెసులుబాటు ఇవ్వండి.

వెనక్కి జారినప్పుడు

అంతా బావుందనుకున్నాక ఒకరోజు మళ్ళీ తూలుతారు. వానాకాలం జ్వరం, ఆపరేషన్, రెండు రాత్రులు నిద్రలేని పెళ్ళి పనులు, కటిక ఉపవాసం, రాత్రంతా బస్సు ప్రయాణం... వీటి తర్వాత మెదడు అప్పటిదాకా సర్దుకున్నది కాస్త సడలుతుంది. చెవి మళ్ళీ పాడైనట్టు కాదు. రెండు మెట్లు కిందికి దిగి మళ్ళీ ఎక్కండి. మొదటిసారి నెల పట్టిన దూరం ఈసారి సాధారణంగా చాలా తక్కువ రోజుల్లో అవుతుంది. జ్వరం ఉన్నన్నాళ్ళూ వ్యాయామం ఆపెయ్యండి, తగ్గాక మొదలుపెట్టండి.

జారడానికీ, కొత్తగా వచ్చినదానికీ తేడా ఉంది. మొదటిరోజు వచ్చినంత గట్టిగా గిర్రున తిరిగినా, వినికిడి తగ్గినా, చెవిలో హోరు మొదలైనా, మంచం మీద ఒత్తిగిలినప్పుడు మాత్రమే తిరుగుతున్నా మళ్ళీ చూపించుకోండి. న్యూరైటిస్ తర్వాత బీపీపీవీ రావడం అరుదేమీ కాదు. దానికి మందు ఓపిక కాదు, ఎప్లీ.

ఇంట్లోవాళ్ళతో

"ఇంకా తగ్గలేదా?" అని రోజూ అడిగితే రోజూ "లేదు" అనే చెప్పాలి. "ఇవాళ ఎన్ని నిమిషాల్లో సర్దుకుంది?" అని అడగమనండి, దానికి జవాబుంటుంది. "కళ్ళు తిరుగుతున్నా ఆ ఊపుడేంటమ్మా, కాసేపు పడుకో" అనే అత్తగారికి కోపంగా చెప్పి లాభం లేదు. "కాసేపు తిరిగితేనే తగ్గుతుందట అత్తయ్యా, మీరు పక్కన నిలబడి గడియారం చూడండి" అని పని అప్పజెప్పండి. పక్కనున్నవాళ్ళు చెయ్యి పట్టుకోకూడదు. అరచేతి దూరంలో సిద్ధంగా ఉండాలి, తూలితే పట్టుకోవాలి. ఎప్పుడూ పట్టుకునే నడిపిస్తే మెదడు ఆ చేతిని నమ్ముకుంటుంది.

ఎప్పుడు ఆపాలి

చెప్పినట్టు చేస్తున్నా నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆదివారం అంకెలు అసలు కదలకపోతే, మోతాదు పెంచుకుంటూ పోకుండా పుస్తకం పట్టుకుని ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళండి. జబ్బు పేరు తప్పయి ఉండొచ్చు, వ్యాయామం మీకు సరిపడనిదై ఉండొచ్చు. మెడనొప్పి పెరిగినా, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినా ముందే చెప్పాలి.

పట్టికలో రాసుకున్న పనులన్నీ చెయ్యగలుగుతున్నారు, మూడు నాలుగు వారాలుగా వ్యాయామం ముందూ తర్వాతా అంకె ఒక్కటే. అప్పుడు కాగితం గోడ మీద నుంచి తీసెయ్యొచ్చు. నడక మాత్రం మానకండి, రోడ్డు మీద అటూ ఇటూ చూస్తూ నడిచే నడక. పుస్తకంలో చివరి పేజీ చించకుండా ఉంచండి. ఏ వేగం, ఎన్ని నిమిషాలు, దేనిమీద నిలబడి చేశారో అందులో ఉంటుంది. వచ్చే వానాకాలం జ్వరం తర్వాత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో వెతుక్కునే పని ఉండదు.